నాలుగు హుకుంలు

పోలీసు యాక్షన్ అయిన ఏడాది చలికాలంలో, ఒక ఆదివారం పొద్దున, ఇబ్రహీంపట్నం తాసీలు కచేరీ పేష్కారు ఫక్రుద్దీన్ చాయ్ తాగుతూ, సాయంత్రం పేకాటలో ఈసారన్నా తిట్లు తప్పించుకోవాలని నిశ్చయించుకున్నాడు.

కొత్త తాసీల్దారు బందరు వైపు మనిషి. ఆయనకు బ్రిడ్జి ఆటంటే పిచ్చి. ప్రతి ఆదివారం బంగళాలో ఆయనా, హయత్‌నగర్ నుంచి సైకిలు మీద వచ్చే ఇంజనీరూ ఒక జోడీ. ఫక్రుద్దీన్, బడిపంతులు రాంచంద్ర ఇంకో జోడీ. పాత ఉద్యోగులను ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్న రోజులు. పిలిస్తే పోనని చెప్పే ధైర్యం ఫక్రుద్దీన్‌కు లేదు. పోయిన వారమైతే ఇద్దరి చేతుల్లోనూ నాలుగేసి ఇస్పేట్లు ఉండి కూడా, ఆ సంగతి ఒకరికొకరు తెలుపుకోలేక, వేలంలో తురుపు లేని ఆట పాడి చిత్తుగా ఓడిపోయారు. "ఎనిమిది ఇస్పేట్లు పెట్టుకుని ఏం చేశారండీ ఇద్దరూ?" అని తాసీల్దారు చెడామడా తిట్టాడు.

అందుకే రాంచంద్ర పొద్దున్నే ఫక్రుద్దీన్ ఇంటికి వచ్చాడు. సికింద్రాబాదులో ఎవరి దగ్గరో కొత్త పద్ధతి నేర్చుకున్నాడు. తాసీల్దారు ముందు ఇస్పేటు, ఆఠీను అనేవారు గానీ, ఇంట్లో ఇద్దరికీ ఇస్పేటు హుకుం, ఆఠీను పాన్, కళావరు చిడీ.

"నువ్వు తురుపు లేకుంట ఒకటి పాడితె, నేను రెండు చిడీలంట. గది చిడీ కాదు, అడుగుడు. నీకాడ హుకుంలు నాలుగున్నయా, పాన్‌లు నాలుగున్నయా, గది చెప్పాలె" అన్నాడు రాంచంద్ర. ఫక్రుద్దీన్‌కు ఎక్కలేదు. మూడోసారి చెప్పేసరికి పంతులుకు బడిలో అరిచే గొంతు వచ్చింది. "నాలుగు హుకుంలు వచ్చినయ్. ఇగ దాచుకుంటె ఇద్దరం మునుగుతం!"

పరదా వెనక ఉన్న ఫక్రుద్దీన్ భార్య రజియా బేగంకు ఆ ముక్క ఒక్కటే స్పష్టంగా వినబడింది. ఆమెకు తెలిసిన హుకుం కచేరీ నుంచి వచ్చే సర్కారు హుకుమే. మగనిని అడిగితే ఎట్లాగూ నిజం చెప్పడనుకుని, ఆయన బట్టలు మూట కట్టి, నగల పెట్టె తీసుకుపోయి పక్కింటి పోశమ్మ దగ్గర దాచమంది. ఎందుకని పోశమ్మ అడిగితే నాలుగు హుకుంలు వచ్చాయని చెప్పి ఏడ్చింది.

పోశమ్మ మగడు బుగ్గయ్య ఆ నాలుగూ ఏవేవో ఊహించాడు. ఒకటి లెవీ వడ్ల కోసం. ఒకటి మేకల కోసం. ఒకటి బండ్ల కోసం. నాలుగోది వయసు పిల్లగాళ్లను పట్టుకుపోవడానికి. అది ఊహ అన్న మాట వాడకట్టు దాటకముందే రాలిపోయింది. మధ్యాహ్నానికి వడ్ల బస్తాల బండ్లు, మేకలు, పిల్లలు, ముసలివాళ్లు మహేశ్వరం బాట పట్టారు.

పోలీసు చౌకీలో ఉన్న జమేదారు బాలస్వామికి ఊరు ఖాళీ అవుతుంటే, కమ్యూనిస్టు దళం వచ్చి పడబోతుందనీ, ఆ కబురు వీళ్లకు ముందే అందిందనీ తోచింది. బాట మూసి అడిగాడు. అందరూ ఒకటే చెప్పారు, పేష్కార్ సాబ్ ఇంట్ల నాలుగు హుకుంలు వచ్చినయని. ఇంకేం, పేష్కారునూ, ఆ ఇంట్లోనే ఉన్న పంతులునూ చౌకీకి పట్టుకొచ్చి, తాసీల్దారును పిలిపించాడు.

"నేను జారీ చేయని హుకుములు నా పేష్కారుకి ఎలా వచ్చాయండీ?" అన్నాడు తాసీల్దారు ఎర్రబడి.

ఫక్రుద్దీన్ అవి పేకాట పత్తాలని, పంతులు నేర్పిన పద్ధతితో సహా చెప్పాడు. జమేదారు నమ్మలేదు. దళంవాళ్లూ ఇట్లాంటి గుర్తు మాటలే వాడతారనీ, నిజమైతే ఆడి చూపించాలనీ, లేకపోతే ఇద్దరినీ చంచల్‌గూడ జైలుకు పంపుతాననీ అన్నాడు. ఇంజనీరు ఇంకా రాలేదు గనక నాలుగో చెయ్యికి తానే కూర్చున్నాడు, తాసీల్దారుకు జోడీగా. జమేదారుకు రంగు చూసి రంగు వేయడం వరకే తెలుసు.

పత్తాలు పంచారు. ఫక్రుద్దీన్ తురుపు లేకుండా ఒకటి పాడాడు. రాంచంద్ర రెండు చిడీలన్నాడు. ఫక్రుద్దీన్ చేతిలోకి చూసుకుంటే పాన్‌లు నాలుగు, హుకుంలూ నాలుగు. రెండూ ఉంటే ఏం చెప్పాలో పంతులు చెప్పనే లేదు. చచ్చినంత కోపం వచ్చింది ఆయనకు, పంతులు మీద, పద్ధతి మీద, బందరు మీద. నోటికి వచ్చిన పాన్‌లే అన్నాడు. రాంచంద్ర మొహం వేలాడేసి, తురుపు లేకుండా మూడు అన్నాడు.

అప్పుడు ఆ రోజు మొత్తంలో మొదటిసారి ఫక్రుద్దీన్ నిమ్మళంగా ఆలోచించాడు. పాన్‌లు వద్దన్నాడంటే మరి దేనికోసం అడిగినట్టు? పంతులు చేతిలో ఉన్నది ఆ రెండో రంగే అయి ఉండాలి.

"నాలుగు హుకుంలు" అన్నాడు.

ఆ పాటకు కావలసిన పది పట్లూ వచ్చాయి. జమేదారు లాఠీ పక్కన పెట్టి, ఇది పేకాటేనని ఒప్పుకుని, బాట తెరవమన్నాడు. ఊరు తిట్టుకుంటూ వెనక్కి మళ్లింది. రజియా బేగం మూట విప్పింది గానీ, నోరు మాత్రం నాలుగు దినాలు విప్పలేదు.

తాసీల్దారు మాత్రం వదల్లేదు. "సంకేతం పెట్టుకుంటే అవతలివాళ్లకి ముందు చెప్పాలండీ. అది ఆట మర్యాద. మీరిద్దరూ ఇక జోడీ కట్టకూడదు" అని తీర్పు చెప్పాడు. ఊరి కబురు విని దారిలోనే సైకిలు తిప్పుకున్న ఇంజనీరు మళ్లీ రాలేదు. ఆట రుచి మరిగిన జమేదారు, ఆ చోటు తనదేనన్నాడు. ఒక్క ఆటకే ఆయన ఆట సంగతి తెలిసిపోయిన తాసీల్దారు, ఫక్రుద్దీన్‌ను తన జోడీగా తీసుకుని, జమేదారును రాంచంద్రకు అప్పజెప్పాడు.

చంచల్‌గూడలో ఆదివారాలు ఎట్లా గడుస్తాయో అని రాంచంద్ర ఆ తర్వాత చాలాసార్లు వాకబు చేశాడు.