బండి ఆగితే వీధి స్టార్టవుతుంది

రండి రండి, దగ్గరికి జరగండి! ఆ బెంచీ మీదవాళ్ళు కాస్త సర్దుకోండి. వెనకాల గుసగుసలు ఆపండి. ఓ పెద్దమనిషీ, నీ నడుంనొప్పి సంగతి తర్వాత చెబుదువుగానీ, ముందు ఆ నోటికి తాళం వెయ్యి! మీ మంచికే చెబుతున్నాం ఇక్కడ.

సంగతేమిటంటే, బండి చెడిపోవడం అదృష్టం!

అదీ ఇంటి ముందు నిలబెట్టినప్పుడు చెడిపోతే ఏం లాభం? నడివీధిలో, పట్టపగలు, నెత్తిమీద ఎండ మాడ్చేస్తుండగా, వెనక సరుకుతో సహా చెడిపోవాలి. టైరు పంక్చరైతే పనికిరాదు, అది పసిపిల్లలకు కూడా కనపడుతుంది. పెట్రోలు నిండుగా ఉండాలి, బ్యాటరీ బాగుండాలి, సెల్ఫు కొడితే ఇంజను గుర్రు గుర్రుమని తిరగాలి, అయినా అంటుకోకూడదు! టాంకులో మునిగి ఇంజనుకి పెట్రోలు తోసే కరెంటు పంపు ఒకటుంటుంది చూడండి, దానికి వెళ్ళే కరెంటు ఎక్కడో ఎవరి కంటికీ ఆనని చోట ఆగిపోవాలి. అప్పుడు తెలుస్తుంది, మనం ఎంతటి మేధావుల మధ్య బతుకుతున్నామో!

నమ్మకం కుదరట్లేదా? అయితే గేరొదిన సంగతి వినండి.

గేరొదిన చిన్న పికప్ బండి నడుపుతుంది. ఆవిడ గేరు మార్చిందంటే పక్క వీధి వంటిళ్ళలో గిన్నెలు అటకమీంచి దూకుతాయి, అందుకని ఆ పేరు. ఇన్నాళ్ళూ గుడ్లు పొదిగించే హేచరీలో అప్పుడే పుట్టిన కోడిపిల్లల్ని అట్టపెట్టెల్లో ఎక్కించుకుని ఊరందరి షెడ్లకీ చేరవేసింది. ఆ రోజు మాత్రం బండిలో ఉన్న పెట్టెలన్నీ తనవే! మొగుడూ తనూ కలిసి కొత్తగా వేసుకున్న షెడ్డులోకి మొట్టమొదటి బ్యాచి. అక్కడ మొగుడు నేలమీద ఊకపొట్టు పరిచి, నీళ్ళగిన్నెలు వరసగా పెట్టి, గుమ్మంలో నిలబడి రోడ్డుకేసి చూస్తున్నాడు.

బండి నడుస్తున్నంతసేపూ గాలి తగిలి పిల్లలు హాయిగా ఉంటాయి. ఆగిందా, ఆ పెట్టెల్లో ఉక్కకి ఒక్కొక్కటే తల వాల్చేస్తాయి. అందుకే గేరొదిన దారిలో టీకి కూడా ఆగలేదు. ఆగలేదు కాబట్టి బండే ఆగింది. సరిగ్గా సెలూను ముందుకు రాగానే రెండుసార్లు దగ్గి, ఊరుకుంది.

ఇంజను చల్లారకముందే వీధి వేడెక్కింది!

మొదట సెలూన్లోంచి ఒకాయన వచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా నురగ. మెడలో తెల్లగుడ్డ. ఆయన వెనకాలే కత్తి పట్టుకుని క్షౌరం చేసే మనిషి. రోగిని వదిలి గడ్డం గీయించుకునేంత కఠినాత్ముడా ఆయన? ఈ అరగడ్డమాయన బానెట్టు మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని తేల్చేశాడు.

"ప్లగ్గులమ్మా! ప్లగ్గులు పోయాయి."

"మీరు మెకానిక్కాండీ?" అంది గేరొదిన ఆశగా.

"మెకానిక్కెందుకమ్మా? మా బావమరిదికీ బండి ఉంది. అదీ తెల్లదే."

తర్వాత స్కానరు బాబాయి వచ్చాడు. ఈ బాబాయి జేబులో అగ్గిపెట్టంత యంత్రం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని స్టీరింగు కింద గుచ్చితే బండి తన బాధంతా ఫోనులోకి చెప్పుకుంటుందట. వెనకటి మెకానిక్కులు పాపం తీగలు పట్టుకుని వెతికేవాళ్ళు, చేతులు నలుపు చేసుకునేవాళ్ళు. ఇప్పుడా అవస్థ ఉందా? చొక్కా నలగదు, బుర్ర అసలే నలగదు!

"ఫ్యూయల్ పంప్ సర్క్యూట్," అని చదివాడు బాబాయి, ఆకాశవాణి పలికినట్టు.

"అంటే ఏంటి బాబాయ్?"

"అంటే పంపు సర్క్యూటమ్మా."

"అది సరే, ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏముంది, ఎర్రరు చెరిపేస్తా." బొటనవేలితో ఫోను మీద ఒక్కటి నొక్కాడు. "అదిగో, పోయింది! చూడు, స్క్రీను ఎంత పచ్చగా ఉందో. బండి బాగుపడిపోయింది."

గేరొదిన సెల్ఫు కొట్టింది. గుర్రు గుర్రు. అంటుకోలేదు.

"బండి బాగానే ఉందమ్మా," అన్నాడు బాబాయి నొచ్చుకుని. "నీ స్టార్టు చెయ్యడంలోనే ఏదో తేడా ఉంది. లేదంటే టాంకు దించేసి పంపు మార్పించు."

చూశారా ఎంత గొప్ప వైద్యమో! జ్వరం చీటీ చింపేస్తే జ్వరం తగ్గిపోవాలి. తగ్గకపోతే తప్పు రోగిదే!

ఇంతలో ఒక బస్సు ఆగింది. ప్రయాణికులందరూ కిందికి దిగి, తలా ఒక రోగం పేరు చెప్పి, మళ్ళీ క్యూలో ఎక్కారు. కండక్టరు ఒక్కడే ఏమీ చెప్పలేదు. "ఏమీ చెప్పకుండా వచ్చేస్తావా, నీకు మనసెలా ఒప్పింది?" అని డ్రైవరు అతన్ని కోప్పడ్డాడట! మూడో అంతస్తు బాల్కనీలోంచి ఒకావిడ బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ తీగ వదిలేసి, పైనుంచే పెట్రోలు గొట్టంలో గాలి అడ్డుపడిందని, ఎయిర్ లాకని తేల్చింది. గుంపు ఎంత చిక్కబడిందంటే, వెనకవాళ్ళకి బండే కనపడట్లేదు. అయితే మాత్రం? కనపడనివాళ్ళే ఇంకా గట్టిగా చెబుతున్నారు!

మరి పెట్టెలు దించి నీడలో పెట్టుకోవచ్చుగా అంటారా? పెట్టుకోవచ్చు. కానీ ఆ వీధిలో ఉన్న నీడంతా మేధావులతో నిండిపోయింది. జానెడు చోటు దొరికితే ఒట్టు.

గేరొదిన తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడు పక్కూళ్ళో మెకానిక్కు. ఎప్పుడు చేసినా ఏదో బండి కిందే ఉంటాడు, విసుక్కుంటూనే మాట్లాడతాడు.

"ఏంటక్కా? త్వరగా చెప్పు, మొహం మీద ఆయిలు కారుతోంది."

"బండి తిరుగుతోందిరా, అంటుకోవట్లేదు."

"సెల్ఫు కొట్టకు. తాళం ఆన్ చేసి ఊరుకో. టాంకు దగ్గర జుయ్యిమని వినపడుతోందా?"

"ఏమోరా, ఇక్కడ నా గొంతే నాకు వినపడట్లేదు."

"అది విని చెప్పు. వస్తే ఒక రోగం, రాకపోతే ఇంకో రోగం. వినకుండా ఏం చెప్పమంటావు నన్ను, జాతకమా?"

ఇదీ అసలు పరీక్ష. తాళం తిప్పగానే పంపు రెండే రెండు క్షణాలు జుయ్యిమని, ఆగుతుంది. ఆ కాసేపు వీధి నోరు మూసుకుంటే చాలు. యంత్రాలక్కర్లేదు, చదువులక్కర్లేదు. కానీ పొంగుకొచ్చే జ్ఞానాన్ని రెండు క్షణాలు ఆపడమంటే మాటలా? గుండెలు పగిలిపోవూ?

"కాసేపు మాట్లాడకండి బాబూ!" అని బతిమాలింది గేరొదిన.

"ష్! ఊరుకోండి, ఆవిడేదో వినాలట!"

"నువ్వు ఊరుకో ముందు!"

"నేను ఊరుకోమనే కదయ్యా చెబుతున్నా!"

"ఊరుకోమని చెప్పడానికి నువ్వెవరు?"

ఊరుకోమన్నాక గోల రెట్టింపయింది. ఈ సందట్లో ఒకాయన కిటికీలోంచి చెయ్యి దూర్చి, హారను మీద అరచెయ్యి ఆనించి పాం...మని మోగించాడు. "బ్యాటరీ భేషుగ్గా ఉంది!" అని ప్రకటించాడు. చప్పట్లు కూడా పడ్డాయి.

తాళం తిప్పడానికి ఒకరు, టాంకు దగ్గర వినడానికి ఒకరు కావాలి. ఖాళీగా కనపడ్డాడని గేరొదిన అరగడ్డమాయన్ని బండి పక్కన కూర్చోబెట్టి, టాంకు దగ్గర చెవి పెట్టమంది. తను ఎక్కి తాళం తిప్పింది.

"ఇదిగో పెట్టానమ్మా చెవి," అన్నాడాయన. "తిప్పు మరి. తిప్పావా? ఇంకా ఏమీ రాలేదు. అబ్బ, రేకు కాలుతోంది. తిప్పావా లేదా? నాకైతే ఏమీ వినపడట్లేదు. మా బావమరిది బండయితేనా..."

"మీరు మాట్లాడుతుంటే ఎలా వినపడుతుందండీ?"

"మాట్లాడకపోతే వినపడలేదని నీకెలా తెలుస్తుందమ్మా?"

గేరొదిన తాళం ఆపేసింది. దిగి వెనక్కి వెళ్ళి పై పెట్టె మూత ఎత్తింది. పొద్దున మూత ఎత్తితే చెవులు గింగురుమనేలా అరిచిన పిల్లలు, ఇప్పుడు ముక్కులు తెరుచుకుని రొప్పుతున్నాయి. మూల ఉన్న ఒకటి రెక్కలు పక్కకి వాల్చేసి కళ్ళు మూసింది. వేలితో తాకింది. తెరిచింది కానీ, మళ్ళీ మూసేసింది.

మూత వేసి, సీటు కిందనుంచి స్పానరు తీసి, బంపరెక్కి నిలబడింది.

"అందరూ వినండి! ఇన్ని మంచి మాటలు చెప్పారు, మీ రుణం నేను ఉంచుకోను. ఇప్పట్నుంచి ఎవరు ఏ మాట చెబితే ఆ పని వాళ్ళే చెయ్యాలి! బాబాయ్, టాంకు దించాలన్నావుగా? ఇదిగో స్పానరు. కిందికి దూరు."

స్కానరు బాబాయి తన తెల్లప్యాంటు కేసి చూసుకున్నాడు. బండి కింద నిలిచిన మురిక్కాలువ నీళ్ళ కేసి చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. యంత్రాన్ని జేబులో దాచేసుకున్నాడు.

"ప్లగ్గులన్నది ఎవరు? ఎయిర్ లాకన్నది ఎవరమ్మా? కిందికి రావమ్మా, చూద్దాం!"

బాల్కనీ తలుపు దభీమని మూసుకుంది. జనం గొంతులు ఏమయ్యాయో ఏమో, ఆ వీధి వేసిన నాటినుంచీ అంత నిశ్శబ్దం ఎరగదు! ఎక్కడో కుళాయి కారుతున్న చుక్క కూడా వినపడింది. ఒకాయనకి తుమ్మొచ్చింది. తుమ్మితే అది కూడా సలహా కింద లెక్కేస్తారేమోనని మింగేశాడు!

గేరొదిన తాళం తిప్పి, తలుపు తీసుకుని, మెడ చాచి వింది.

జుయ్యిమనలేదు. పెట్టెల్లోంచి సన్నగా కీచుమన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"రాలేదురా తమ్ముడూ," అంది ఫోనులో.

"అమ్మయ్య, ఇప్పటికి చెప్పావు! అయితే పంపుకి కరెంటు అందట్లేదు. బానెట్టెత్తు. పక్కన నల్లపెట్టె మూత మీద బొమ్మలుంటాయి. పంపు ఫ్యూజు చూడు."

"బాగానే ఉందిరా. తీగ తెగలేదు."

"దాని పక్కన చదరంగా రిలే ఉంటుంది, పంపుకి కరెంటు కలిపే స్విచ్చు అదే. వేడెక్కి అది చచ్చుంటుంది. హారను రిలే పీకి దాని చోట గుచ్చు. రెండూ కవలపిల్లలు, తేడా లేదు."

"మరి హారనో?"

"హారనుతో కోళ్ళని పెంచుతావా అక్కా? గుచ్చు!"

గుచ్చింది. తాళం తిప్పింది.

జుయ్యి...

అంత చిన్న చప్పుడుకి గేరొదిన కళ్ళు చెమర్చాయంటే మీరు నవ్వుతారు. సెల్ఫు కొట్టగానే బండి గర్జించింది. అంతే, ఊపిరి బిగబట్టుకున్న వీధి ఒక్కసారిగా పేలింది!

"నేను మొదట్నుంచీ రిలేనే అంటున్నా!" అన్నాడు స్కానరు బాబాయి. "సర్క్యూటన్నానా లేదా?"

"ప్లగ్గులకి కరెంటు కావాలిగా, నా ఉద్దేశం అదే!" అన్నాడు అరగడ్డమాయన.

ఏమీ చెప్పని కండక్టరు కూడా జనం అడ్డంతో కదలని బస్సులోంచి దిగి, తనూ అదే అనుకున్నానన్నాడు. ఎవరికి వాళ్ళు బండిని బాగుచేసినవాళ్ళే కాబట్టి, ఎవరూ బండి ముందునుంచి కదలరు. గేరొదిన హారను నొక్కింది. మోగదు మరి. దాని రిలే పంపుకి వెళ్ళిపోయిందిగా! కానీ హారను మోగట్లేదని తెలియగానే వీధి మొహం వెలిగిపోయింది. కొత్త రోగం! చెదిరినవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. బాబాయి మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాడు.

గేరొదిన మాత్రం ఈసారి ఎవర్నీ బతిమాలలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, తన నోటితోనే "పాం! పాం! జరగండి, గుద్దేస్తా!" అని కేకేసి, ఫస్టు గేరు వేసింది. ఆ చప్పుడుకి పక్క వీధిలో ఎన్ని గిన్నెలు పడ్డాయో గానీ, ఇక్కడ మాత్రం జనం రెండుగా చీలారు. పెట్టెల్లోకి గాలి ఆడింది. కళ్ళు మూసిన పిల్లతో సహా బ్యాచి మొత్తం షెడ్డుకి చేరింది, నీళ్ళగిన్నెల మీద పడి తాగింది. అంచేతే చెబుతున్నాం, బండి చెడిపోవడం అదృష్టమేనని! నోటికి పని చెప్పకుండా చెవికి పని చెప్పేవాడు ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడో లేడో, ఇంకెలా తెలుస్తుంది?

బండి మలుపు తిరుగుతుంటే, నురగ ఎండిపోయిన చెంపతో అరగడ్డమాయన వెనకాల పరుగెత్తుతూ అరిచాడు.

"అమ్మా, ఆగమ్మా! ఇంజను ఆగిపోయినప్పుడు హారను బాగానే మోగింది! ఒకసారి ఇంజను ఆపి చూడు, అదే వస్తుంది!"