మిగతా ఆరుసార్లూ ఎవరు?

మా ఆయన వెబ్‌సైట్లు తయారుచేస్తారు. పసిపిల్లల తల్లుల కోసం ఒకటి చేసి, "దాని జోలికి నువ్వు వెళ్లకు. తుమ్ము గురించి చదివితే నీకు తుఫాను కనిపిస్తుంది" అని నాచేత ఒట్టు వేయించుకున్నారు.

మూడు నెలల పాప మధ్యాహ్నం కదలకుండా పడుకుంటే నాకు ఊపిరాడదు. ముక్కు దగ్గర వేలు పెడితే అది లేస్తుంది, పెట్టకపోతే నేను పోతాను. అందుకే దొంగచాటుగా లాప్‌టాప్ తెరిచి, 'నిద్రలో ఊపిరి' పేజీ చదివి, అన్నీ మూసేసి, పాప తువ్వాలుతో వేలిముద్రలు కూడా తుడిచేసేదాన్ని.

ఏడోసారి తెరిచేసరికి తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

"మళ్లీ వచ్చారా? ఇది పన్నెండోసారి. పాప ఊపిరి ఎలా ఉంది?"

ఇంట్లో నేనూ, పాపా తప్ప ఎవరూ లేరు. పాపకి ఇంకా చదువు రాదు.

లాప్‌టాప్ ఆపేసి, బీరువాలో నాలుగు దుప్పట్ల కింద పూడ్చిపెట్టాను. మర్నాడు ఉండబట్టలేక తీశాను. పదమూడు రావాలి కదా? "పద్నాలుగోసారి" అంది.

సాయంత్రం ఆయన రాగానే అడిగాను. "ఏవండీ, మూసేసినా కంప్యూటర్‌కి మనం గుర్తుంటామా?"

"కుకీ ఉంటే ఉంటాం. సైటు మన కంప్యూటర్లో దాచుకునే చిన్న చీటీ అది. సెషన్ కుకీ అయితే బ్రౌజర్ మూయగానే పోతుంది. రెండో రకం, గడువు తేదీ దాకా పోదు. నేను ఏడాది పెట్టాను. మొన్ననే పలకరింపు కూడా రాశాను."

"పలకరింపా అది! 'పద్నాలుగోసారి' అనేసరికి ప్రాణం పోయింది నాకు!"

"నువ్వెప్పుడు చూశావ్?"

నాలుక కరుచుకున్నాను.

"ఒట్టు తప్పి పద్నాలుగుసార్లా!"

"ఎనిమిదే! మిగతా ఆరుసార్లూ ఎవరు?"

ఆయన ఉయ్యాల వైపు చూశారు. "అది... టెస్టింగ్."

"దుప్పట్ల కింద నుంచి తవ్వి తీసి మరీనా?"

"నువ్వు ఒట్టు తప్పవని నమ్మి చీటీ చెరపలేదే!" అని వాపోయారు. తర్వాత గొంతు తగ్గించి, "పసిపిల్లలు కాసేపు ఊపిరి ఆపి మళ్లీ తీసుకోవడం..."

"...మామూలే. ఎనిమిదో పేరా" అన్నాను.

వెంటనే దాన్ని సెషన్ కుకీగా మార్చారు. మూసి, తెరిచాం. "స్వాగతం. మొదటిసారి వచ్చారా?" అంది. అమ్మయ్య, మరిచిపోయింది.

అప్పుడు గమనించాం. ఉయ్యాలలో చప్పుడు లేదు.

ఇద్దరి వేళ్లూ పాప ముక్కు దగ్గర గుద్దుకున్నాయి. పాప లేచి, ఊపిరి ఎంత ఉందో వీధి వీధంతా తెలిసేలా ఏడ్చింది.