మూడు మెత్తలూ ఒక వీపూ

ఇందుమూలంగా పాఠకులందరికీ తెలియజేయడమేమనగా, మా పట్టణ సవారీ దళంలోని ఏకైక గుర్రానికి వీపు మీద పుండు పడింది. ఈ సంగతిని దళం అత్యంత తీవ్రంగా పరిగణించి, ఆ పుండు ఎక్కడుందో చూడకుండానే కమిటీ వేసింది.

దళమంటే గుర్రాలు బారులు తీరి ఉంటాయని మీరు ఊహించుకోవచ్చు. ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు గుర్రం ఒకటి, కుర్చీలు పద్నాలుగు. గుర్రం పేరు మెరుపు. పదకొండేళ్లుగా ప్రతి ఊరేగింపులోనూ దళపతిగారిని మోసిన ఆడగుర్రం. దళపతిగారు నూటపది కిలోల నిండైన మనిషి. బరువు ఆయనది, బాధ మెరుపుది, బాధ్యత ఎవరిదీ కాదు. పనుల పంపకం ఇంత చక్కగా జరిగిన కార్యాలయాన్ని నేను మరొకటి చూడలేదు.

పశువుల డాక్టరు వచ్చి చీటీ మీద మూడు సలహాలు రాసి వెళ్లారు. జీను కింద కుదుపు తగ్గించే మెత్త వేయాలి. జీను అసలు గుర్రం వీపుకు సరిపోతుందో లేదో చూడాలి. వీలైతే తేలికైన మనిషి ఎక్కాలి. మొదటి సలహాను ఆమోదించారు. రెండోదాన్ని పరిశీలనలో ఉంచారు. మూడోదాన్ని చేతిరాత దోషంగా భావించి పెద్దగుమాస్తా కొట్టేశారు.

గడువు ఇరవై రోజులు. దళం వార్షికోత్సవం నాడు దళపతిగారు మెరుపునెక్కి మైదానం ఒక చుట్టు తిరగాలి. ఆ రోజు గుర్రం మొరాయిస్తే ‘సేవకు అనర్హం’ అని ముద్ర వేసి వేలానికి పంపాలని నిబంధన. వయసు మళ్లిన గుర్రాలను వేలంలో ఎవరు కొంటారో, కొని ఎక్కడికి తోలుకెళ్తారో అందరికీ తెలుసు. అందుకే దాని గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడే మనిషి ఒక్కడే. మెరుపు పుట్టిన రోజు నుంచి దాణా పెట్టి, ఒళ్లు తోమి సాకుతున్న గుర్రపుశాల తాత. ఆయన మాట్లాడితే గుర్రపుశాల వాసన వస్తుందని కమిటీ గది కిటికీలు తెరిచేవారు.

తొలి సమావేశానికి వర్తకుడు మూడు మెత్తలు తెచ్చాడు. ఒకటి ఉన్నిది, ఒకటి రబ్బరు నురగది, మూడోది నీలంగా తొణికిసలాడే జెల్లీది. జెల్లీ మెత్త మీద నిలువెత్తు నుంచి కోడిగుడ్డు వదిలాడు. గుడ్డు పగలలేదు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

తలుపు దగ్గర నిలబడ్డ తాత గొంతు సవరించుకున్నాడు. “గుడ్డు నూటపది కిలోలుండదు కదండీ.”

ఈ వ్యాఖ్యను కార్యక్రమ వివరాల్లో ‘హర్షధ్వానాలు’ అని నమోదు చేశారు.

తర్వాత శాస్త్రీయ పరీక్ష. దళపతిగారూ, పెద్దగుమాస్తా, గోదాము అధికారీ తలా ఒక మెత్తను తమ తమ కుర్చీలో వేసుకుని, భోజనం తర్వాత రెండేసి గంటలు కూర్చుని, వీపు మీద భారం పడ్డప్పుడు కలిగే అనుభూతిని రాసివ్వాలని తీర్మానించారు. వారి వీపుల మీద ఏ భారమూ లేదన్న అభ్యంతరం రాలేదు. వారం రోజులు పరీక్ష సాగింది. ఎక్కడా గుర్రం లేదు గాని, గుర్రు మాత్రం నడవా చివరి దాకా వినిపించింది. కుదుపు పూర్తిగా తగ్గిందనడానికి దానినే రుజువుగా స్వీకరించారు.

ఎనిమిదో రోజున తాత ఒక మెత్తటి ఇనుప తీగ పట్టుకొచ్చాడు. దాన్ని మెరుపు మూపు మీద ఆనించి వంచి, ఆ వంపు చెదరకుండా రెండు చేతులతో మోసుకొచ్చాడు. జీనును బల్ల మీద బోర్లించి, లోపల తీగ పెట్టాడు.

“చూడండయ్యా. ఇది దాని వీపు. ఇది మన జీను. ఈ రెండు చోట్ల గుచ్చుకుంటోంది. మధ్యలో నా పిడికిలి దూరుతోంది.”

“జీనుకేం వచ్చిందయ్యా?” అన్నారు దళపతిగారు. “కొలతలు తీసి మరీ కుట్టించాం కదా.”

“ఎవరి కొలతలండీ?”

“నావే.”

“అదేనండీ నేనూ చెప్పేది.”

పెద్దగుమాస్తా కల్పించుకున్నారు. “ఇప్పుడేమంటావు తాతా, జీను మార్చమంటావా?”

“గోదాములో పాత జీను ఉందండీ. దాని వీపుకి అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది.”

“దాంట్లో అయ్యగారు పడతారా?”

తాత ఒకసారి అయ్యగారిని తేరిపార చూసి, తల దించుకున్నాడు. పాత జీను ప్రతిపాదన వీగిపోయింది. తీగను ‘వంకర తీగ, ఒకటి’ అని రాసుకుని గోదాము అధికారి జమ చేసుకున్నారు. వార్షికోత్సవం బ్యానరు కట్టడానికి దాన్ని సుత్తితో కొట్టి తిన్నగా చేశారు. దళం చరిత్రలో సరిచేసిన వంకర అదొక్కటే.

ఇక ఎంపిక. ముగ్గురికీ ఎవరి మెత్త వారికి హాయిగా ఉంది. ఎవరూ మెత్తబడలేదు. చివరికి సమన్యాయం పాటించి మూడూ ఒకదానిమీద ఒకటి వేయాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు.

“వద్దండయ్యా,” తాత చేతులు జోడించాడు. “బూటు బిగువని మూడు జతల మేజోళ్లు తొడిగినట్టవుద్ది.”

“నీకు గుర్రాలు తెలుసు,” అన్నారు దళపతిగారు ఆప్యాయంగా. “మాకు పాలన తెలుసు.”

వార్షికోత్సవం రానే వచ్చింది. మూడు మెత్తలూ, వాటి మీద జీనూ వేస్తే కడుపు కింది పటకా చివరి రంధ్రానికి గాని అందలేదు. దళపతిగారు నిచ్చెన వేసుకుని ఎక్కి, పై నుంచే ప్రసంగించారు.

“మిత్రులారా, మూగజీవి బాధను తన బాధగా భావించిన వ్యవస్థ మనది. ఈ మెత్తల మీద నేను స్వయంగా కూర్చుని పరీక్షించాను.”

మెరుపు తన్నలేదు, పరుగెత్తలేదు. తల తిప్పి తాతను వెతికి చూసి, ముందు మోకాళ్లు వంచి, మెల్లగా నేల మీద కూర్చుంది. పటకా జారింది. మొదట మూడు మెత్తలు పడ్డాయి, వాటి మీద దళపతిగారు పడ్డారు. ఒంటి మీద గీత పడలేదు. మెత్తల నాణ్యత ప్రజల సమక్షంలో నిరూపితమైంది.

జనం వెళ్లిపోతుండగా తాత పాత జీను తెచ్చి వేశాడు. పుండు మీద ఏదీ ఆనకుండా సర్ది, తన యాభై కిలోలతో ఎక్కి మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. మెరుపు చెవులు నిక్కబొడుచుకుని నడిచింది.

“చూశారు కదండీ. నడుస్తోంది.”

“నడవడం కాదయ్యా ముఖ్యం,” అన్నారు దళపతిగారు మట్టి దులుపుకుంటూ. “నన్ను మోస్తూ నడవాలి.”

నివేదిక రెండు వాక్యాలు. మెత్తలు అత్యుత్తమం. గుర్రం అనర్హం.

వేలంలో కబేళావాళ్ల మీద పాడి, తాతే మెరుపును దక్కించుకున్నాడు. ఎంతకని అడిగితే చెప్పడు. మర్నాడే పని మానేశాడు. ఇద్దరూ రోజూ పొద్దున మా వీధిలో నడుస్తారు. ఎవరూ ఎవరినీ ఎక్కరు. మెత్తలు మూడూ మూడు కుర్చీల్లో దేశసేవలో ఉన్నాయి.

జీను మాత్రం ఖాళీగా ఉంది. అందుచేత దళం గత వారం ఒక ప్రకటన ఇచ్చింది: ‘కావలెను. మా జీనుకు సరిపడే వీపు. వంగే గుణం తప్పనిసరి. నొప్పి తెలియజేసే అలవాటు ఉండరాదు. మెత్తలు మేమే ఇస్తాము.’

కంగారులో ‘గుర్రం’ అన్న మాట రాయడం మరిచిపోయారు. నిన్నటికి దరఖాస్తులు నాలుగు వందలు దాటాయి. అన్నీ చక్కటి చేతిరాతతో ఉన్నాయి. పెద్దగుమాస్తా చెప్పడం, అందులో మన వీధివాళ్లవే ముప్పై ఉన్నాయట. నాది ముప్పై ఒకటోది అయ్యేది గాని, మీ వెనకాల వరసలో నిలబడే సరికి కిటికీ మూసేశారు.