రాజారావు చెంబులో బూడిద

ఆ శనివారం ఉదయం రాజారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగు కట్టెలు కాల్చాలి, గుప్పెడు బూడిద పట్టుకుని పదకొండింటికల్లా ఇంటికి వచ్చెయ్యాలి.

అతనికి న్యూజిలాండ్‌లో ఒక చలి ఊరికి రెండేళ్ళ బదిలీ అయింది. అక్కడ దొరికేలా ఉన్న ఒకే ఒక్క అద్దె ఇల్లు మార్గరెట్ అనే పెద్దావిడది. ఇల్లంతా వెచ్చగా ఉండాలంటే హాల్లోని కట్టెల పొయ్యే గతి. కిందటిసారి అద్దెకున్నవాళ్ళు పచ్చికట్టె కాల్చి, పొగగొట్టం నిండా మసి పట్టించి, చివరికి గొట్టానికే నిప్పంటించారట. అప్పటినుంచి ఆవిడ మాటలు నమ్మడం మానేసింది. "నీ చేత్తో కట్టె కాల్చి, శనివారం మీ పదకొండు దాటాక నేను ఫోన్ చేసినప్పుడు ఆ బూడిద వీడియోలో చూపించు. నల్లగా ఉంటే ఇల్లు లేదు" అని తేల్చేసింది.

రాజారావు సింగపూర్ జురాంగ్ ఐలాండ్‌లో ఇరవై ఏళ్ళుగా ఫర్నేసులు నడుపుతున్న ఇంజినీరే. నడపడమంటే ఏసీ గదిలో కూర్చుని తెర మీద అంకెలు చూడటం. అగ్గిపుల్ల గీసిన పాపాన పోలేదు. "ఇల్లు దొరక్కపోతే నేనూ అత్తయ్యా ఇక్కడే ఉంటాం. మీరొక్కరే వెళ్ళండి" అని భార్య భానుమతి చెప్పేసింది. కాఫీ కలుపుకోవడం కూడా రాని రాజారావుకి, భార్యా తల్లీ లేకుండా రెండేళ్ళంటే గుండె జారిపోయింది.

బెడోక్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో మంట పెట్టడం కుదరని పని. అదృష్టం కొద్దీ అది చైనావాళ్ళ ఏడో నెల. పోయిన పెద్దల కోసం కాగితాలు కాల్చుకోవడానికి బ్లాకు కింద ఇనప పీపాలు పెట్టారు. ఎదురింటి తాన్ ఆంటీని అడిగితే "క్యాన్ లా! ఎవ్రీబడీ యూజ్" అని, నిక్షేపంగా వాడుకోమంది. ఇక ఎండు కట్టె అంటే, రాజారావుకి తెలిసిందల్లా లిటిల్ ఇండియా పూజాసామాన్ల కొట్లో దొరికే హోమం సమిధలే. నాలుగు కట్టలు కొన్నాడు. అంటించడానికి కర్పూరం తీసుకున్నాడు. మసి అంటుకుంటుందని చొక్కా విప్పేసి పాత తెల్ల పంచె కట్టాడు. బూడిద పట్టడానికి ఇత్తడి చెంబు, గాలికి ఎగరకుండా దాని మీదికి ఓ గుడ్డముక్క. తల్లి కమలాదేవి అప్పటికే మార్కెట్‌కి వెళ్ళింది గనక, ఈ వేషం చూసి అడ్డుపడేవాళ్ళు లేకపోయారు.

మొదట రెండుసార్లు పొగే తప్ప మంట రాలేదు. పుల్లలన్నీ కుక్కేశాడు మరి. మూడోసారి సందులు వదిలి పేర్చి, పీపా అడుగున కన్నాలకు అడ్డంపడ్డ పాత మసి గోకేసరికి భగ్గుమంది. పొగకి కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతుంటే, ఆ సంతోషం పట్టలేక రాజారావు పీపా చుట్టూ తిరిగాడు.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు విశ్వేశ్వరరావు అంకుల్ పాల ప్యాకెట్టుతో అటువచ్చి, ఠక్కున ఆగిపోయాడు. తెల్ల పంచె, సమిధలు, కర్పూరం, కన్నీళ్ళు. ఎవరు పోయారని అడగడం మర్యాద కాదని ఆయన నమ్మకం. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యంగా ఉండాలి బాబూ. భోజనాల బెంగ పెట్టుకోకు, మేం చూసుకుంటాం."

సామాన్లు సర్దుకునే హడావుడిలో ఉన్నామని కాబోలు, ఎంత మంచివాడో అనుకున్నాడు రాజారావు.

చావింట్లో పొయ్యి వెలిగించరు గనక చుట్టుపక్కలవాళ్ళు వండి పట్టుకెళ్ళడం మనవాళ్ళ ఆనవాయితీ. అంకుల్ లిఫ్ట్‌లోనే బెడోక్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. "రాజారావు ఇంట్లో విషాదం. వివరాలు అడగొద్దు. వండుకుని రండి."

భానుమతి తలుపు తీసేసరికి ఎదురుగా పప్పు గిన్నె, చారు గిన్నె, పెరుగన్నం, వాటి వెనక జనం. ఒక్కరూ నవ్వలేదు. చెప్పులు విప్పి మౌనంగా వచ్చి కూర్చున్నారు. మేం వెళ్ళిపోతున్నామని ఇంత బాధపడుతున్నారా అని భానుమతికీ ఏడుపొచ్చింది.

"ఊరుకోండి పిన్నిగారూ, రెండేళ్ళలో వచ్చేస్తాంగా!" అంది.

"దుఃఖంలో ఏదేదో మాట్లాడుతోంది పాపం" అని పిన్నిగారు పక్కావిడ చెవిలో చెప్పింది. ఈలోగా పెద్దావిడ కమలాదేవి ఎక్కడా కనిపించకపోవడం అందరూ గమనించారు. పోయిందెవరన్నది తేలిపోయింది.

భానుమతి గిన్నెలు సర్దడానికి వంటింట్లోకి వెళ్ళగానే, బూడిద చల్లారేదాకా కిందే ఉన్న రాజారావు వచ్చాడు, చేతిలో గుడ్డ కప్పిన చెంబుతో. అందరూ లేచి నిలబడ్డారు. ఇద్దరు చెంబుకి దణ్ణం పెట్టారు. రాజారావుకి ఏమీ అర్థం కాలేదు. ఇంటినిండా జనం, ఎవరి మొహంలోనూ కళ లేదు.

"అమ్మేది?" అన్నాడు.

అందరూ తలలు దించుకున్నారు.

"అంకుల్! అమ్మేదీ?"

అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మార్కెట్‌కని వెళ్ళిన తల్లికి దారిలో ఏమైందో! రాజారావు చెంబుని గుండెలకి హత్తుకుని "అమ్మా!" అంటూ కూలబడ్డాడు.

కమలాదేవి ములక్కాడల సంచితో గుమ్మంలోకొచ్చింది. లోపలున్న జనాన్ని చూసి, చప్పుడు కాకుండా సంచి కిందపెట్టి, అంకుల్ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"ఎవరండీ పాపం?"

అంకుల్ పెట్టిన కేకకి తాన్ ఆంటీ, వాళ్ళవైపు చావింట్లో పంచే వేరుశనగల ప్యాకెట్టుతో పరుగెత్తుకొచ్చింది.

అందరికీ విషయం అర్థమవడానికి చాలాసేపు పట్టింది. "అంటే ఎవరూ పోలేదా?" అని అంకుల్ కాస్త నొచ్చుకున్నట్టే అడిగాడు. ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యాలా వద్దా అన్న దానిమీద ఆడవాళ్ళు రెండు వర్గాలయ్యారు. అంతలో ఫోన్ మోగింది. మార్గరెట్!

మసి మొహంతో, ఎర్రబడ్డ కళ్ళతో రాజారావు చెంబు తెరిచి చూపించాడు. అతని వెనక నుంచి జనమంతా మెడలు చాచారు.

"తెల్లగా ఉంది. బాగానే కాల్చావు" అంది మార్గరెట్. "మరి ఏడుస్తున్నావెందుకు?"

రాజారావు తల్లివైపు చూశాడు. మొదటినుంచీ చెప్పుకొచ్చే ఓపిక లేదు.

"మా అమ్మ మార్కెట్ నుంచి వచ్చింది" అన్నాడు.

ఆవిడ ముక్కు చీదుకుని, "ఇల్లు నీదే. మీ అమ్మకి పొయ్యి పక్కన కుర్చీ వేయిస్తాను" అంది.

రాజారావుకి పొయ్యి వెలిగించడం వచ్చిన ఆ రోజు, ఆ మర్నాడు కూడా, వాళ్ళింట్లో పొయ్యి వెలిగించాల్సిన అవసరమే రాలేదు.