ఒకటో నెంబరు రక్తం

ఇకమీదట హైదరాబాదు రాష్ట్రంలో ఏ అరుదైన రోగమైనా లైసెన్సు పొందిన లాబరేటరీలో తప్ప బయటపడరాదని ఆరోగ్యమంత్రిగారు 1953లో సెలవిచ్చారు. సభలో చప్పట్లు పావుగంట మోగాయి. ఆ చప్పుడుకు చార్మినారు పావురాలు మలక్‌పేట దాకా ఎగిరిపోయి, మరునాడు గాని తిరిగి రాలేదట.

పత్తర్‌గట్టి వెనక గల్లీలో రామానుజం లాబరేటరీ. ఒక గది, ఒక మైక్రోస్కోపు. పాలమ్ముకునే సాయిలు భార్య పుష్పమ్మకు మూడు నెలలుగా జ్వరం. లక్షలో ఒకరికొచ్చే జ్వరమని డాక్టరు అనుమానం. రిపోర్టు తెస్తేనే సూది వేస్తానన్నాడు. రామానుజం ఆమె రక్తం తీసి సీసాలో పోశాడో లేదో, ఇన్‌స్పెక్టరు విఠల్‌రావుగారు టాంగా దిగారు. వెనక పెట్టిన ఫైలు బరువుకు గుర్రం ముందుకాళ్లు గాల్లోకి లేచాయంటారు.

"రామానుజం సాబ్, లైసెన్సు కావాల్నంటే పరీక్ష పాస్ కావాలె. మేం రక్తం ఇస్తం, మీరు రోగం చెప్పాలె."

"ఇవ్వండి సార్."

విఠల్‌రావుగారు గదంతా కలియజూసి, పుష్పమ్మ సీసానే తీసి, 'ఒకటో నెంబరు' అని చీటీ అంటించి రామానుజానికే ఇచ్చారు. "డిపార్టుమెంటుకు సొంత రక్తం ఇంకా శాంక్షన్ కాలేదు."

రామానుజం గంటసేపు చూశాడు. పురుగు కనబడింది, తోకతో సహా. 'రోగం ఉంది' అని రాసిచ్చాడు. ఇక పుష్పమ్మ బతికినట్టే అనుకున్నాడు.

విఠల్‌రావుగారు ఫైల్లోంచి ఒక కవరు తీసి, లక్కముద్ర పగలగొట్టి విప్పారు. "గలత్. సహీ జవాబు, రోగం లేదు. మీరు ఫెయిల్."

"ఈ రక్తాన్ని ఇంకెవరు చూశారు సార్?"

"చూసుడేంది? గా రోగం మన రాష్ట్రంల లేదని కమిటీ పోయిన నెలనే తీర్మానం చేసింది. ముగ్గురు మెంబర్లు. ఏకగ్రీవం."

"మీరే ఒక్కసారి ఇందులో చూడండి."

"తౌబా! నేను చూస్తే అది టెస్టింగ్ అయితది. నాకు లైసెన్సు లేదు."

మైక్రోస్కోపుకు గుడ్డ చుట్టి సీలు వేశారు. గుమ్మంలో నిలబడ్డ సాయిలు చేతులు జోడించాడు.

"సారూ, మా ఆమెకు ఏమున్నదంట?"

"ఏం లేదు. సర్కారు నిర్ణయం."

"సాయిలూ, నేను చూసిన..." అనబోయాడు రామానుజం.

"లైసెన్సు లేకుండ రోగం చెప్తే ఆర్నెల్లు జైలు, సాబ్."



"ముగ్గుర్ల ఒక్కరన్నా ఉన్నదనలేదా సారూ?" అన్నాడు సాయిలు.

"ఒక్కరు గూడ అనలే."

సాయిలు కళ్లలో నీళ్లు తిరిగాయి. మెట్ల మీద కూర్చున్న భార్య దగ్గరికి ఉరికాడు. "లెవ్వే, నీకేం లేదంట! పెద్దపెద్దోళ్లు చెప్పిన్రు. పా, బర్లను పిండే యాళ్లయింది."

పుష్పమ్మ గోడ పట్టుకుని లేవబోయి, సగంలోనే కూలబడింది.

విఠల్‌రావుగారు పెన్ను తీసి ఫైల్లో రాసుకున్నారు: 'పుష్పమ్మ సర్కారుకు సహకరించలేదు.'