మూఢంలో పరీక్షలు

మా గిరిసీమ విశ్వవిద్యాలయం ఈ ఏడాది అన్ని రంగాల్లో ముందంజ వేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సెనేటు హాలుకు ఏసీలు వచ్చాయి. ఆర్ట్స్ బ్లాకు ముందర ఫౌంటెన్ వచ్చింది. గేటు పొడుగునా సీరియల్ లైట్లు వచ్చాయి. విద్యార్థులు కొంత తగ్గినా, మంచి ముహూర్తం ఉన్న రోజున క్యాంపస్‌లో కాలు పెట్టే సందు ఉండదు.

ఈ ప్రగతి గురించి రాసే పని నాకు అప్పజెప్పారు. నేను బాటనీ విభాగంలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. మాది తల్లాడ పక్కన పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అందుకే పైనుంచి ఏ ఉత్తర్వు వచ్చినా లేచి నిలబడి చదువుతాను.

ముందు నిధుల సంగతి చెప్పాలి. ఇదివరకు ప్రభుత్వం డబ్బులిచ్చేది, మేం పాఠాలు చెప్పేవాళ్లం. తర్వాత విధానం మారింది. ఎవరి ఖర్చు వారే సంపాదించుకోవాలన్నారు. పట్నంలోని విశ్వవిద్యాలయాలు ఎక్కువ ఫీజుల కోర్సులు పెట్టుకుని బయటపడ్డాయి. పినపాక దాటి అడవి అంచున ఉన్న మా దగ్గరికి అంత ఫీజు కట్టి ఎవరొస్తారు? అందరం తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు వైస్ ఛాన్సలర్ చెంచురామయ్య గారు కిటికీలోంచి బయటికి చూశారు.

“మన చదువు ఎవరికీ అక్కర్లేదు. మన అడవి అందరికీ కావాలి,” అన్నారు. “కంగారు పడకండి, చెట్లు కొట్టించం. చెట్ల ముందు పెళ్లిళ్లు చేయిస్తాం.”

అట్లా మా విశ్వవిద్యాలయం కిరాయికి దొరకడం మొదలైంది. మధిర నుంచి, సత్తుపల్లి నుంచి పెద్ద రైతులు, కోల్డ్ స్టోరేజీల యజమానులు కార్లేసుకుని వచ్చారు. వెనక అడవి, ముందు ఫౌంటెన్, ఫోటోలకు ఇంకేం కావాలి? ప్రతి విభాగమూ తన పరిధిలో సేవ చేసింది. ఫిజిక్స్ వాళ్లు లైటింగు చూశారు. ఇంగ్లీషు వాళ్లు శుభలేఖలు దిద్దారు. మగపెళ్లివారు అలగకుండా చూసే బాధ్యత రాజనీతి శాస్త్రానికి దక్కింది. లైబ్రరీ చల్లగా ఉంటుంది కనుక పెళ్లికూతురికి విడిది అయింది. బాటనీ ల్యాబులో కుళాయిలు, నల్లరాతి గట్లు ఉన్నందున అది వంటశాల అయింది. మైక్రోస్కోపులను బియ్యం బస్తాల వెనక భద్రపరిచాం.

ఒకే ఒక్క చిక్కు వచ్చింది. పరీక్షలు, ముహూర్తాలు ఒకేసారి పడుతున్నాయి. అకడమిక్ కౌన్సిల్ ఒక సిద్ధాంతి గారిని సభ్యుడిగా చేర్చుకుని, లోతుగా చర్చించి, ఇకమీదట పరీక్షలన్నీ మూఢంలోనే జరపాలని తీర్మానించింది. శుక్రుడు కనపడని ఆ రోజుల్లో ఎవరూ పెళ్లిళ్లు చెయ్యరు కాబట్టి గదులు ఖాళీగా ఉంటాయి. పిల్లలు ప్రశాంతంగా రాసుకుంటారు.

ఈ ఏడు మూఢం ఎండాకాలంలో, సరిగ్గా బీడీలు చుట్టే తునికాకు కోత వేళ పడింది. ఆ కోతకు తల్లి జంపక్కను ఒంటరిగా పంపి, అడవి లోపలి కోయగూడెం నుంచి పరీక్షలకు వచ్చింది పూలి. మా ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్న విద్యార్థిని ఆ పిల్ల ఒక్కతే. పేపర్లన్నీ రాసేసింది. ప్రాక్టికల్ మిగిలింది. విద్యార్థులు లేరని బాటనీ విభాగాన్ని ఈ ఏటితో మూసేస్తున్నారు. ఈ ప్రాక్టికల్ తప్పితే మళ్లీ రాద్దామన్నా పెట్టేవాళ్లుండరు. చదివిన చదువంతా పోయినట్టే.

ప్రాక్టికల్ నాడు పొద్దున్నే గేటు దగ్గర మామిడి తోరణాలు కనపడ్డాయి. పూలి బ్లేడు, స్లైడ్లు పట్టుకుని నిలబడి ఉంది.

“ఏంది సారూ, నా పరీక్షకు సన్నాయి గూడ పెట్టించిండ్రా?”

“పెళ్లంట పూలీ.”

“మూఢంలనా?”

రిజిస్ట్రారు నిర్మలాదేవి గారి దగ్గరికి పరుగెత్తాను. ఆమె పట్టుచీరలో ఉన్నారు.

“మన సిద్ధాంతి గారి పంచాంగం ప్రకారం ఇంకా మూఢమే మాస్టారూ. పెళ్లివారి సిద్ధాంతి గారి పంచాంగం ప్రకారం నిన్నటితో పోయింది. రెండూ పేరున్న పంచాంగాలే, దేన్ని కాదంటాం?”

“మరి ప్రాక్టికల్ మేడం?”

“అదీ ఉంటుంది. బంతులు లేచాక ల్యాబు ఖాళీ చేయిస్తాం. ఈలోగా మీరు పార్కింగు చూడండి.”

ల్యాబులో పెద్ద వంటమనిషి వీరన్న సాంబారు కలుపుతున్నాడు. “నేనేం జేయాలె సారూ? వడ్డన అయితేనే గుండిగలు లేస్తయి. మనుషులు తక్కువున్నరు. ఈ పిల్ల ఒక చెయ్యేస్తే జల్దీ అయితది.”

“పరీక్ష జల్దీ అయితదంటే వడ్డిస్త. ఏం పోతది,” అంది పూలి. నెత్తికి టోపీ పెట్టి, చేతికి నెయ్యి గిన్నె ఇచ్చారు.

పరీక్ష తీసుకోవాల్సిన ప్రొఫెసరు గారు హైదరాబాదు నుంచి సమయానికే వచ్చారు. గేటు దగ్గర పెళ్లివారు ఆయన్ని మగపెళ్లివారి తరఫు పెద్దమనిషి అనుకుని పన్నీరు చల్లి, మెడలో కండువా వేసి లోపలికి తీసుకుపోయారు. ఆయన దాన్ని విశ్వవిద్యాలయ మర్యాద అనుకున్నారు. ఎవరి తప్పూ లేదు. నేను అప్పుడు కార్లు వెనక్కి పెట్టిస్తున్నాను.

వేదిక మీద చెంచురామయ్య గారు వరుడు నాగచైతన్యను, వధువు సాయిప్రియను ఆశీర్వదించి మాట్లాడారు. “అడవి బిడ్డలకు ఉన్నత విద్య అందించడమే మా ఏకైక ధ్యేయం. మీరిచ్చే కిరాయిలో ప్రతి పైసా వాళ్ల చదువుకే. ఈ జంట ఇక్కడ ఒక్కటైందంటే, ఎక్కడో ఒక గిరిజన బాలిక ఈరోజు ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుందని అర్థం.” జనం బాగా చప్పట్లు కొట్టారు. తినేవాళ్లు ఎడమచేత్తో బల్ల మీద తట్టారు.

ఎండ దిగే వేళకు ల్యాబు ఖాళీ అయింది. పూలి గట్లు కడిగి, బస్తాల వెనక నుంచి మైక్రోస్కోపు తీసి, చున్నీతో అద్దం తుడిచి కూర్చుంది. ఇద్దరం ఎదురుచూశాం. చివరికి నిర్మలాదేవి గారు వచ్చారు.

“ప్రొఫెసరు గారు వెళ్లిపోయారు. ఖమ్మంలో రైలుకు టైమైందని పెళ్లివారి కారెక్కారు. ల్యాబులోకి తొంగి చూశారట. అభ్యర్థిని లేదట. గైర్హాజరు అని రాసి సంతకం పెట్టారు.”

పూలి మెల్లగా అడిగింది. “బట్టతల, కండ్లద్దాలు, మెడల కండువా, ఆ సారేనా మేడం?”

“ఆయనే.”

“ఆయనకు నెయ్యి ఏసింది నేనే. పక్కాయనతోని అంటుండు, ‘ఈ అడవి పిల్లలకు అవకాశమిచ్చినా అందుకోరండీ, ఒక్క పిల్ల కోసం ఇంత దూరం వచ్చిన, ఇంకా పత్తా లేదు’ అని. ఎవరి గురించో అనుకున్న. ఇంకింత వెయ్యమన్నడు. ఏసిన.”

నిర్మలాదేవి గారు నిజంగానే బాధపడ్డారు. “కానీ నెయ్యి వడ్డించడం సిలబస్‌లో లేదు కదమ్మా,” అన్నారు.

నేను విన్నపం పెట్టాను. కౌన్సిల్ సానుభూతితో పరిశీలించింది. అభ్యర్థిని క్యాంపస్‌లో ఉన్నమాట నిజమే గానీ ల్యాబులో లేదు కనుక గైర్హాజరు సక్రమమేనని తేల్చింది. విభాగం మూతపడింది కనుక మరో పరీక్షకు వీల్లేదంది. అయితే ఆమె సేవలను గుర్తించి ఆతిథ్య నైపుణ్య సర్టిఫికెట్ మంజూరు చేసింది. ఇకమీదట ఇలాంటి గందరగోళం రాకుండా పెళ్లివారి పంచాంగాన్నే విశ్వవిద్యాలయ పంచాంగంగా స్వీకరించింది.

సర్టిఫికెట్ నేనే తీసుకుపోయి ఇచ్చాను. పూలి తల్లితో కలిసి తునికాకు కట్టలు కడుతోంది. చేతులు తుడుచుకుని తీసుకుంది, అటూ ఇటూ తిప్పి చూసింది.

“మంచిగున్నది. మళ్ల పెండ్లి ఉంటే పిలువుండ్రి సారూ. ఇప్పుడు నాకు అర్హత ఉన్నదిగా.”

జంపక్క నన్ను కూర్చోమనలేదు.

ఆ పెళ్లి ఫోటోలు మా వెబ్‌సైటులో ప్రగతి పేజీలో పెట్టాం. టోపీ పెట్టుకుని నెయ్యి వడ్డిస్తున్న పూలి ఫోటో కింద ‘అభివృద్ధిలో విద్యార్థుల భాగస్వామ్యం’ అని రాశాం. మీలో చాలామంది లైకు కొట్టారు, ధన్యవాదాలు. ఎక్కువమంది ఖాళీ తేదీలు ఎప్పుడున్నాయని అడిగారు. జవాబులిచ్చే పని కూడా నాకే అప్పజెప్పారు. మీరడిగిన తేదీ దొరుకుతుంది. ఆ రోజు ఏదో పరీక్ష ఉన్నట్టుంది గానీ, దాని గురించి మీరేమీ ఆలోచించకండి.