కన్నడానికి నరేష్ ఫోటో

శుక్రవారం పొద్దున ఓళిగల పూర్ణానికి పప్పు ఉడకబెడుతూ భాగ్యశ్రీ ఆవిరికేసి చూసి నవ్వుకుంది. పెళ్లయ్యాక ఇంకా ఆషాఢం కూడా రాలేదు. ఆమెకు ఆవిరి కూడా అందంగానే కనబడేది. ధర్మవరంలో మామ ఆదినారాయణ పట్టుచీరల అంగడిలో, భర్త నరేష్ పక్కన కూర్చుని జరీ తళుకులు చూస్తూ చీరలు మడతపెట్టాలన్నది ఆమె కల. మామ ఒక షరతు పెట్టాడు.

"నువ్వు చేసిన వెబ్‌సైటు చూసి ఒక్క గిరాకీ వచ్చినా అంగడికి రామ్మా. రాకుంటే దాన్ని మూసేయల్ల."

ఆ గిరాకీ ఈ రోజే వస్తోంది.

ఇంటింటికీ కంప్యూటర్లు రాని కాలమది. హిందూపురంలో బీఎస్సీ చదివిన భాగ్యశ్రీ నెట్ సెంటరులో కూర్చుని సైటును తెలుగు, కన్నడం, ఇంగ్లీషుల్లో తయారుచేసింది. వేరే సైట్లలో భాషకొక దేశం జెండా ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ భాష వస్తుంది. తెలుగుకూ కన్నడానికీ ఉన్నది ఒకే జెండా. అందుకని జెండా చోట ఆ భాష మాట్లాడే మనిషి ఫోటో పెట్టింది. తెలుగుకు మామ. కన్నడానికి తుమకూరులో చదివిన నరేష్. ఇంగ్లీషు మాట్లాడతానని ఇంట్లో ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి నెమలి అంచు చీర.

నరేష్ ఫోటో రిసెప్షన్‌లో తీసింది. కోటు వేసుకున్న అతని పక్కనుంచి తనను తానే కత్తిరించేసింది. ఆయన ఒక్కడే ఉంటే చూసుకోవడానికి ఎంత హాయి అనుకుంది. కింద ఇంటిపేరుతో సహా అతని పేరూ, ఇంటి ఫోను నంబరూ రాసింది.

ఆ నంబరుకు వచ్చిన మొదటి ఫోను మామే ఎత్తాడు.

"పావగడ నుంచి ఓబుళప్ప అంట. సైటు చూసినారంట. శుక్రవారం నరేష్ ఉంటాడా అన్నారు. అంగడికి కాదు, ఇంటికే వస్తారంట. పెద్ద పార్టీ మాదిరి ఉండాది."

జీపు దిగినవాళ్ల చేతుల్లో పండ్లూ పూలూ చూసి భాగ్యశ్రీ మురిసిపోయింది. బేరానికి పూలతో వచ్చేవాళ్లు కూడా ఉంటారా అనుకుంది.

ఓబుళప్ప నరేష్‌ను కిందినుంచి పైదాకా చూశాడు.

"అట్ల వాకిలి దాకా నడిచి రాప్పా."

నరేష్ తండ్రి వైపు చూశాడు. పెద్ద గిరాకీ కదా, నడవమని తండ్రి సైగ చేశాడు. నరేష్ నడిచాడు.

ఇంతలో ఓబుళప్ప భార్య అనసూయమ్మ వంటింట్లోకి వచ్చింది.

"అబ్బాయి ఎట్లాంటోడమ్మా? కోపమెక్కువా?"

లావాదేవీలు పెట్టుకునేముందు అడగరా మరి, అనుకుంది భాగ్యశ్రీ. "కోపమే తెలీదక్కా. పాలు పొంగిపోయినా నవ్వుతారు."

"తాగేది గీగేది?"

"కాఫీ ఒకటే. అది కూడా నాకు సగం ఇచ్చి తాగుతారు."

"చెల్లెలంటే అంత ప్రేమా?"

"చెల్లెల్ని కాదక్కా. భార్యని."

అనసూయమ్మ ముందుగదిలోకి పోయి భర్త చెవిలో చెప్పింది. ఓబుళప్ప ఆదినారాయణ వైపు తిరిగాడు.

"ఏమప్పా, పెండ్లయిన కొడుకు ఫోటోకు నంబరు రాసి పెడ్తారా? ఇంటిపేరు చూసి, మనోళ్లే కదా అని మా పిల్లకు అడుగుదామని వస్తిమి."

"అది కన్నడమప్పా."

"కన్నడమే. మేం చదివినాం."

"అది కాదు. మావోడే కన్నడం. నేను తెలుగు. ఇంగ్లీషేమో చీర."

ఓబుళప్ప మంచినీళ్లు అడిగాడు.

తలుపు దగ్గర భాగ్యశ్రీ కళ్లు నీళ్లతో నిండాయి. సైటు మూతపడుతుంది, అంగడిలో చోటూ పోయింది.

అనసూయమ్మ ఆమెను పరీక్షగా చూసింది. "ఫోటోలో పక్కన రెండు వేళ్లు ఉంటే ఎవురివో అనుకుంటి. నీవేనా? సరేలే, ఏడ్వద్దు. మంచి గడియ చూసుకొని బయలుదేరినాం, ఉత్త చేతుల్తో ఎట్ల పోతాం? సంబంధం యాడన్నా కుదురుతాది. పెండ్లి చీరలు ఈడే తీసుకుంటాం. అయితే ఈ పిల్లే చూపించల్ల. మొగుని గురించే ఇంత బాగా చెప్తే, చీర గురించి ఇంకెంత బాగా చెప్తాదో."

మధ్యాహ్నమంతా అంగడిలో భాగ్యశ్రీ చీరలు విప్పుతూనే ఉంది. వంకాయ రంగు మీద ఎండ పడినప్పుడల్లా ఆమె మాట మరిచిపోయేది. అప్పుడే వాళ్లు ఇంకొకటి పక్కన పెట్టించుకునేవారు. సాయంత్రానికి జీపులో మనుషులకు చోటు చాల్లేదు.

"గెల్చినావు తల్లీ," అన్నాడు ఆదినారాయణ. "రేపట్నుంచి అంగడికి రా." తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు పెనుకొండకు పోయి ఆడ కొత్త అంగడి పెట్టి చూసుకోరా. గిరాకీలు నిన్ను చూసేకి వస్తే చీరలెవురు చూస్తారు?"

మరునాడు భాగ్యశ్రీ కోరుకున్న చోటే కూర్చుంది. పక్కన చీరలు పరుచుకోవడానికి బోలెడంత స్థలం ఉంది.